మంత్రి చేత సభలో జవాబు చెప్పించాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

పార్లమెంటు సమావేశాలు దగ్గర పడ్డ ప్రతిసారీ ఎంపీల ఆఫీసుల్లో కొత్తగా చేరిన పీఏలు, జిల్లా విలేకరులు, ఉద్యమ సంఘాల వాళ్లు, పోటీ పరీక్షలకు చదివేవాళ్లు ఇవే సందేహాలతో వస్తుంటారు. అందుకని ఒక్కచోట చేర్చాం. ఇక్కడున్నది ప్రధానంగా లోక్‌సభ పద్ధతి. రాజ్యసభలో తేడా ఉంటే అక్కడికక్కడే చెప్పాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

మంత్రి ఎంపీకి జవాబు చెప్పి తీరాలని ఎక్కడ రాసి ఉంది?

రాజ్యాంగం 75(3) అధికరణంలో ఉంది. మంత్రిమండలి మొత్తం లోక్‌సభకు సమష్టిగా బాధ్యత వహించాలి. అంటే ఒక మంత్రి చెప్పిన జవాబు ఆయన సొంత మాట కాదు, ప్రభుత్వం మాట. ఎంపీ సభలో మాట్లాడిన దానిమీద కోర్టులో కేసు వేయడానికి వీల్లేకుండా 105వ అధికరణం రక్షణ ఇస్తుంది. డబ్బు తీసుకుని ప్రశ్న వేసినా, ఓటు వేసినా మాత్రం ఆ రక్షణ లేదు. 2024 మార్చి 4న ఏడుగురు జడ్జిల సుప్రీంకోర్టు ధర్మాసనం ఈ సంగతి తేల్చి చెప్పింది.

అధికార పార్టీ ఎంపీ సొంత మంత్రిని ఇరుకున పెట్టిన సందర్భం ఎప్పుడైనా ఉందా?

ఉంది. ఈ పనికి ఇప్పటికీ పాఠంగా చెప్పుకునేది అదే. 1957లో కొత్తగా జాతీయమైన ఎల్‌ఐసీ, హరిదాస్ ముంద్రా అనే వ్యాపారి కంపెనీల షేర్లను సుమారు 1.25 కోట్ల రూపాయలు పెట్టి కొన్నది. అప్పటికే ఆ కంపెనీలు కష్టాల్లో ఉన్నాయి. సభలో ప్రశ్నలు పడ్డాయి. ప్రభుత్వం నుంచి పొడిపొడి జవాబులు వచ్చాయి. ఆ జవాబులనే పట్టుకుని కాంగ్రెస్ ఎంపీ, నెహ్రూ అల్లుడు ఫిరోజ్ గాంధీ 1957 డిసెంబర్ 16న లోక్‌సభలో లెక్కలతో సహా విప్పారు. కేకలేమీ వేయలేదు. ఏ షేరు ఏ ధరకు కొన్నారు, అప్పుడు మార్కెట్ ధర ఎంత, కొనమని ఎవరు చెప్పారు అనే వరసలో వెళ్లారు. జస్టిస్ చాగ్లా కమిషన్ విచారణ బహిరంగంగా జరిగింది. 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు.

అధికార పక్షం బెంచీల నుంచి వచ్చే ప్రశ్నల్లో చాలావరకు మంత్రి గొప్పలు చెప్పుకోవడానికి వీలుగా తయారుచేసినవే ఉంటాయి, నిజమే. అయినా నియోజకవర్గం పని మీద ఆ పక్షం ఎంపీ సూటిగా అడిగితే దాన్ని రాజకీయం అని కొట్టిపారేసే వీలు మంత్రికి ఉండదు.

చుక్క గుర్తు ప్రశ్న, చుక్క లేని ప్రశ్న అంటే ఏమిటి? ఏది మేలు?

చుక్క అంటే నక్షత్రం గుర్తు. అది ఉన్న ప్రశ్నకు మంత్రి సభలో లేచి నోటితో జవాబు చెబుతారు. దానిమీద అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. లోక్‌సభలో రోజుకు ఇవి 20, రాజ్యసభలో 15. గుర్తు లేనివాటికి లిఖితపూర్వక జవాబు వస్తుంది, అంతటితో సరి. లోక్‌సభలో ఇవి రోజుకు 230, రాజ్యసభలో 160.

మంత్రి మాట జారే అవకాశం ఉన్న విధానపరమైన విషయానికి నక్షత్రం గుర్తు పెట్టండి. జిల్లాల వారీ, సంవత్సరాల వారీ అంకెలు కావాలంటే గుర్తు లేనిదే మేలు. అంకెల పట్టిక కోసం నక్షత్రాన్ని ఖర్చు చేయడం మనం తరచూ చూసే తప్పు. ఆ పట్టికను మంత్రి చదివి వినిపించరు. "వివరాలు సభ ముందు ఉంచాం" అనేసి కూర్చుంటారు.

ప్రధానమంత్రినే నేరుగా అడగొచ్చా?

ఆయన చేతిలో ఉన్న శాఖల మీద అడగవచ్చు. కానీ లేచి జవాబు చెప్పేది మామూలుగా సహాయ మంత్రే. బ్రిటన్‌లో బుధవారం మధ్యాహ్నం ప్రధాని స్వయంగా నిలబడి జవాబులిచ్చే అరగంట లాంటిది మన దగ్గర లేదు.

## నోటీసు రాసేటప్పుడు

ఎన్ని రోజుల ముందు ఇవ్వాలి? ఒక ఎంపీ ఎన్ని ఇవ్వొచ్చు?

పూర్తిగా 15 రోజులు మధ్యలో ఉండాలి. నోటీసు ఇచ్చిన రోజు, జవాబు వచ్చే రోజు లెక్కలోకి రావు. ఈ రెండు రోజుల లెక్క తప్పి నోటీసు వృథా అవడం ప్రతి సమావేశాల్లోనూ జరుగుతుంది. లోక్‌సభలో ఒక్కో రోజుకు సభ్యుడు రెండు రకాలూ కలిపి ఐదు నోటీసులు ఇవ్వవచ్చు. అందులో నక్షత్రం గుర్తుతో జాబితాకెక్కేది ఒక్కటే. మంత్రిత్వ శాఖలన్నిటినీ ఐదు జట్లుగా విడదీసి సోమవారం నుంచి శుక్రవారం దాకా ఒక్కో రోజు కేటాయిస్తారు. రైల్వేకు ఏ రోజో, జలశక్తికి ఏ రోజో ముందు చూసుకుని ఆ తేదీకి వేయాలి.

వచ్చిన నోటీసుల వరుసను లాటరీ తేలుస్తుంది. లాటరీలో పేరు రాకపోతే నక్షత్రం ఊడిపోయి, ఆ ప్రశ్న మామూలు జాబితాలోకి జారవచ్చు. అందుకే దాన్ని రాసేటప్పుడే లిఖిత జవాబు వచ్చినా పనికొచ్చేలా రాసుకోవాలి.

మా ప్రశ్న తిరగ్గొట్టారు. ఏం తప్పు చేశాం?

ఎక్కువగా కనబడే కారణాలు ఇవి: 150 పదాలు దాటడం, ప్రశ్నలో వాదన, వ్యంగ్యం, నింద ఉండటం, మంత్రి అభిప్రాయం అడగడం, "ఒకవేళ ఇలా జరిగితే" అని ఊహ మీద అడగడం, కోర్టులో విచారణలో ఉన్న విషయం కావడం, ఇదివరకే జవాబు వచ్చిన ప్రశ్ననే తిప్పి వేయడం, అందరికీ దొరికే పుస్తకాల్లో ఉన్న సమాచారం అడగడం. "ఎందుకు నిర్లక్ష్యం చేస్తోంది" అన్న మూడు మాటలు చాలు, ప్రశ్న పోతుంది. నిర్లక్ష్యం ఉందన్నది మీ వాదన. మంత్రి అంకెలు చెప్పాక జనం ఆ మాట వాళ్లే అనుకోవాలి.

"ఇది రాష్ట్ర పరిధిలోని అంశం" అని కొట్టేస్తున్నారు. ఏం చేయాలి?

శాంతిభద్రతలు, పోలీసు, స్థానిక ఆసుపత్రి లాంటివి నేరుగా అడిగితే నిలవవు. అందులో కేంద్రం వేలు ఎక్కడుందో వెతకాలి. కేంద్ర పథకం డబ్బు వస్తోందా, కేంద్ర చట్టం ఉందా, కేంద్ర సంస్థ అనుమతి కావాలా, కేంద్రం రాష్ట్రానికి లేఖ రాసిందా అని చూడండి. జిల్లా ఆసుపత్రిలో డాక్టర్లు లేరని అడిగితే పోతుంది. జాతీయ ఆరోగ్య మిషన్ కింద ఆ రాష్ట్రానికి మంజూరైన పోస్టులెన్ని, భర్తీ అయినవెన్ని, విడుదలైన నిధుల్లో ఖర్చు కానిదెంత అని అడిగితే నిలుస్తుంది.

ఒక మంచి ప్రశ్న ఎలా ఉంటుందో రాసి చూపిస్తారా?

పోలవరం తీసుకుందాం. "పోలవరం నిర్వాసితులకు ప్రభుత్వం ఎప్పుడు న్యాయం చేస్తుంది?" అని రాస్తే, తిరగ్గొట్టకుండా వదిలేసినా వచ్చే జవాబు "ప్రభుత్వం కట్టుబడి ఉంది" అనే. దాన్నే ఇలా రాయండి:

(ఎ) 2014 రాష్ట్ర పునర్విభజన చట్టం 90వ సెక్షన్ కింద జాతీయ ప్రాజెక్టు అయిన నాటి నుంచి పోలవరానికి కేంద్రం చెల్లించిన మొత్తం సంవత్సరాల వారీగా ఎంత;

(బి) రాష్ట్రం పంపిన బిల్లుల్లో ఇంకా చెల్లించనివి ఎన్ని, ఒక్కొక్కటి ఏ తేదీ నుంచి పెండింగులో ఉంది;

(సి) 41.15 మీటర్ల కాంటూరు వరకు ముంపుకు గురయ్యే కుటుంబాలెన్ని, అందులో పునరావాసం పూర్తయినవెన్ని;

(డి) మిగిలినవాటికి గడువు తేదీ ఏమైనా ఖరారైందా. అయితే ఏది, కాకపోతే కారణాలేమిటి?

ఇందులో ప్రతి ముక్కకూ జవాబు అంకె, తేదీ, లేదా కారణం. చివరన "కాకపోతే కారణాలేమిటి" అన్న తోక మరవకండి. అది లేకపోతే మొదటి ముక్కకు "లేదు" అని, మిగతావాటికి "ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు" అని ఒక్క వాక్యంలో ముగించేస్తారు. శాసనసభల ప్రశ్నోత్తరాలు చదివినవాళ్లకు ఆ "ఉత్పన్నం కాదు" బాగా పరిచయం.

ఏ శాఖకు వేయాలో ఎలా తేల్చుకోవాలి?

ఆ అంకె ఎవరి రిజిస్టరులో ఉంటుందో వాళ్లకే వేయాలి. దీనికి 2020 సెప్టెంబరును మించిన ఉదాహరణ లేదు. లాక్‌డౌన్‌లో ఊళ్లకు తిరిగి వెళ్తూ చనిపోయిన వలస కూలీల సంఖ్య అడిగితే కార్మిక శాఖ అలాంటి లెక్కలు నిర్వహించడం లేదని జవాబిచ్చింది. అదే వారంలో రాజ్యసభలో శ్రామిక్ ప్రత్యేక రైళ్లలో ఎంతమంది చనిపోయారని రైల్వే శాఖను అడిగారు. సెప్టెంబర్ 9 వరకు 97 మంది అని, వారిలో 87 మందికి పోలీసులు పోస్టుమార్టం చేయించారని లెక్క బయటికి వచ్చింది. ప్రభుత్వం ఒక్కటే, వారం ఒక్కటే. రైల్లో మనిషి చనిపోతే రైల్వే పోలీసులు కాగితం రాయక తప్పదు, అందుకే అక్కడ అంకె దొరికింది.

ఎంపీ గారి పోర్టల్ పాస్‌వర్డ్ మా దగ్గరే ఉంటుంది. నోటీసులు మేమే పెడతాం. ఫర్వాలేదా?

ఫర్వా ఉంది. ప్రశ్న రాయడంలో ఎవరి సాయం తీసుకున్నా తప్పులేదు కానీ లాగిన్ మాత్రం సభ్యుడిదే. 2023 డిసెంబర్ 8న లోక్‌సభ ఒక సభ్యురాలిని బహిష్కరించింది. ఎథిక్స్ కమిటీ నివేదికలో ప్రధానంగా ఎత్తిచూపింది లాగిన్ వివరాలు బయటివాళ్లకు ఇవ్వడాన్నే. అంతకుముందు 2005 డిసెంబర్‌లో డబ్బు తీసుకుని ప్రశ్నలు వేసిన వ్యవహారంలో రెండు సభల్లో కలిపి 11 మంది పదవులు పోగొట్టుకున్నారు.

తెలుగులో అడగొచ్చా?

మాట్లాడవచ్చు. తెలుగు నుంచి అప్పటికప్పుడు అనువదించే ఏర్పాటు రెండు సభల్లోనూ ఉంది. అయితే ఫలానా సభ్యుడు తెలుగులో మాట్లాడతారని సభ అధికారులకు ముందుగా చెప్పాలి. చెప్పకుండా లేస్తే అనువాదకుడు సీట్లో ఉండకపోవచ్చు, మంత్రి చెవిలో ఏమీ వినబడదు, "అర్థం కాలేదు" అన్న సాకు చేతికి ఇచ్చినట్టవుతుంది. నోటీసు కాగితం మాత్రం ఇంగ్లీషులోనో హిందీలోనో ఇవ్వాలి. అంకెలున్న ప్రశ్నను తెలుగులో వేస్తుంటే లక్షలు, కోట్లు నెమ్మదిగా పలకండి. అనువాదంలో జారేవి అవే.

## సభలో

మా ప్రశ్న జాబితాలో పదిహేనోది. సభలో వస్తుందా?

రాదనే అనుకుని సిద్ధపడండి. లోక్‌సభలో ఉదయం 11 నుంచి 12 దాకా, రాజ్యసభలో 12 నుంచి 1 దాకా ఉన్న గంటలో నాలుగైదు ప్రశ్నలు తెమలడమే ఎక్కువ. 2019 నవంబర్ 27న లోక్‌సభలో 20కి 20 పూర్తయ్యాయంటే 1972 తర్వాత అదే మొదటిసారి. నోటితో జవాబు రానివాటికి లిఖిత జవాబు సభ ముందుకు వస్తుంది కాబట్టి ప్రశ్న పూర్తిగా వృథా కాదు. అనుబంధ ప్రశ్నే పోతుంది.

అనుబంధ ప్రశ్న ఎలా వేయాలి? మా సార్ లేచేసరికి ఉపన్యాసం అయిపోతోంది.

ప్రశ్న వేసిన సభ్యుడికి మామూలుగా రెండు అవకాశాలు ఇస్తారు. మిగతా సభ్యుల్లో స్పీకర్ పిలిచినవారికి ఒక్కోటి. మంత్రి దగ్గర అధికారులు తయారుచేసిన లావుపాటి ఫైలు ఉంటుంది, రావచ్చనుకున్న ప్రశ్నలన్నిటికీ అందులో జవాబులుంటాయి. పైగా గ్యాలరీలో కూర్చున్న అధికారులు చీటీలు పంపిస్తుంటారు. ఆ ఫైల్లో లేని ప్రశ్న వేయడమే పని.

జవాబు ప్రతి సభ మొదలవడానికి ముందే ఎంపీకి అందుతుంది. కాఫీ తాగుతూ తిరగేసే కాగితం కాదది. అందులో పట్టికను పాత సంవత్సరం జవాబుతో పక్కపక్కన పెట్టండి. నిరుడు 420 అన్న చోట ఈసారి 390 ఉంటే, తగ్గిన 30 ఏమయ్యాయన్నదే మొదటి అనుబంధ ప్రశ్న. పాత జవాబు తేదీ, నంబరు నోటితో చెప్పండి, అప్పుడు మంత్రి "నాకు తెలియదు" అనలేరు.

ఒకసారికి ఒక్కటే అడగాలి. మూడు కలిపి అడిగితే మంత్రి వాటిలో తేలికైనది ఏరుకుని దానికే రెండు నిమిషాలు మాట్లాడతారు, స్పీకర్ తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతారు. ముందుమాట వద్దు, ధన్యవాదాలు వద్దు, మూడు వాక్యాల్లో ముగించాలి. రెండో ప్రశ్నను మూడు రకాలుగా రాసుకుని వెళ్లండి: మంత్రి అంకె చెబితే ఒకటి, "సేకరిస్తున్నాం" అంటే ఒకటి, నెపం రాష్ట్రం మీదికి నెడితే ఇంకొకటి. ఈ మూడు దారులకు బయట మంత్రి వెళ్లడం అరుదు.

మంత్రి ఏదో కాగితం చూసి చదివారు. దాన్ని బయటపెట్టమనొచ్చా?

లోక్‌సభ నియమావళి 368 ప్రకారం, సభకు సమర్పించని ప్రభుత్వ పత్రం నుంచి మంత్రి యథాతథంగా చదివితే ఆ పత్రాన్ని సభ ముందు ఉంచాలి. ప్రజాహితానికి భంగమని మంత్రి అంటే మినహాయింపు ఉంటుంది. సారాంశం సొంత మాటల్లో చెబితే ఈ నియమం తగలదు. అందుకే అనుభవం ఉన్న మంత్రులు చదవరు, చూసి చెబుతారు. చదువుతున్నారని అనిపించిన క్షణంలోనే లేచి, నియమం నంబరు చెప్పి అడగాలి. మర్నాడు అడిగితే పని కాదు.

ఆరోపణ చేశాం. అంతా రికార్డుల నుంచి తొలగించారు. ఎందుకు?

ఎవరి మీదైనా పరువుకు భంగం కలిగించే, నేరం అంటగట్టే ఆరోపణ చేయాలంటే 353వ నియమం ప్రకారం స్పీకర్‌కూ సంబంధిత మంత్రికీ ముందుగా రాసి తెలియజేయాలి. మంత్రి విచారించి జవాబు తెచ్చుకోవడానికి వీలు ఇవ్వడం అందులో ఉద్దేశం. ఆ నోటీసు లేకపోతే మాటలు తీసేస్తారు, తీసేసిన మాటలు పత్రికలు వేయడానికీ చిక్కే. ఆధారం ఉంటే ఆరోపణగా కాకుండా ప్రశ్నగా మార్చండి. "మంత్రి ఫలానా కంపెనీకి మేలు చేశారు" అనే బదులు "ఫలానా టెండరులో నిబంధన మార్చిన తేదీ ఏది, మార్చమని సంతకం చేసింది ఎవరు" అనండి.

పోడియం దగ్గరికి వెళ్లి ప్లకార్డు పట్టుకుంటేనే కదా టీవీల్లో వచ్చేది?

టీవీల్లో వస్తుంది. మంత్రికి కూడా అదే కావాలి. సభ వాయిదా పడితే ఆ రోజు అనుబంధ ప్రశ్నలన్నీ పోతాయి, జవాబులన్నీ కాగితం మీద ప్రశాంతంగా సభ ముందుకొస్తాయి. లోక్‌సభ 374ఎ నియమం కింద స్పీకర్ పేరు చెబితే ఐదు రోజుల సమావేశాలకో, సమావేశాలు ముగిసేదాకానో, ఏది తక్కువైతే అది, సస్పెన్షన్. 2023 శీతాకాల సమావేశాల్లో రెండు సభల్లో కలిపి 146 మంది సస్పెండ్ అయ్యారు, వాళ్లు వేసిన ప్రశ్నలను కూడా జాబితాల్లోంచి తీసేశారు. నిరసన తెలపడం సభ్యుడి ఇష్టం. కానీ లాటరీలో నక్షత్రం తగిలిన రోజున మాత్రం ఆ గంట సీట్లో ఉండటమే లాభం.

## జవాబు తేలకపోతే

"సమాచారం సేకరిస్తున్నాం, పరిశీలనలో ఉంది" అన్నారు. అక్కడితో అయిపోయినట్టేనా?

కాదు, అక్కడే కొత్త ఖాతా తెరుచుకుంటుంది. "పరిశీలిస్తాం", "విచారిస్తాం", "సమాచారం సేకరించి సభ ముందు ఉంచుతాం" లాంటి మాటల జాబితా ఒకటి ఉంది. మంత్రి నోట అవి వస్తే హామీ కింద నమోదవుతాయి. మూడు నెలల్లో నెరవేర్చి నివేదిక ఇవ్వాలి, లేదా గడువు పెంచమని అడగాలి. దీన్ని చూసేది ప్రభుత్వ హామీల కమిటీ. లోక్‌సభలో 15 మంది, రాజ్యసభలో 10 మంది సభ్యులుంటారు.

ఎంపీ ఆఫీసు చేయాల్సింది చిన్న పనే: జవాబు వచ్చిన రోజే డైరీలో మూడు నెలల తర్వాతి తేదీ రాసుకోవడం. ఆ తేదీ దాటాక కమిటీకి ఒక లేఖ, మంత్రికి ఒక లేఖ, తర్వాతి సమావేశాల్లో "ఫలానా తేదీ, ఫలానా నంబరు ప్రశ్నలో ఇచ్చిన హామీ ఏమైంది" అని ఒక ప్రశ్న. ఇంత ఓపిక చాలా ఆఫీసుల్లో కనబడదు, మంత్రిత్వ శాఖలకు ఆ సంగతి బాగా తెలుసు.

మంత్రి చెప్పింది తప్పని మా దగ్గర కాగితం ఉంది. హక్కుల తీర్మానం ఇచ్చేయమంటారా?

తొందరపడకండి. సభా హక్కుల ఉల్లంఘన నిలబడాలంటే మంత్రి తెలిసి, కావాలని సభను తప్పుదారి పట్టించారని చూపించాలి. అది చాలా కష్టం. దానికంటే ముందు మెట్టు ఒకటుంది, స్పీకర్ ఆదేశాల్లో 115వది. జవాబులో పొరపాటు ఎక్కడుందో, దానికి ఆధారం ఏమిటో స్పీకర్‌కు రాయాలి. స్పీకర్ దాన్ని మంత్రికి పంపి వివరణ అడగవచ్చు. ఆ తర్వాత అనుమతి ఇస్తే సభ్యుడు సభలో ప్రకటన చేస్తారు, మంత్రి జవాబిస్తారు. చాలాసార్లు సభలోకి రాకముందే మంత్రి సవరణ ప్రకటన పెట్టేస్తారు. సవరణ వచ్చిందంటే మీ పని అయినట్టే. పత్రికల కత్తిరింపు ఆధారంగా పెట్టకండి, ప్రభుత్వం సొంత పత్రమే పెట్టండి.

జవాబు మీద ఇంకా మాట్లాడాలి. దారి ఉందా?

అరగంట చర్చ కోరవచ్చు. లోక్‌సభలో 55వ నియమం, మూడు రోజుల ముందు నోటీసు, ఎందుకు కావాలో ఒక చిన్న వివరణ. సోమ, బుధ, శుక్రవారాల్లో సభ చివరి అరగంటలో పెడతారు. నోటీసు ఇచ్చినవారు మాట్లాడాక మరో నలుగురు దాకా ఒక్కో ప్రశ్న అడగవచ్చు, మంత్రి జవాబిస్తారు, ఓటింగు ఉండదు. చివరి అరగంటకు సభ ఖాళీగా ఉంటుంది, విలేకరులు వెళ్లిపోయి ఉంటారు. జవాబు లోతుగా రావాలంటే ఆ వేళే మంచిది.

ప్రధాని సభలో ఇచ్చిన మాట చట్టం కాదా? ప్రత్యేక హోదా సంగతేమిటి?

చట్టం కాదు. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో మన్మోహన్ సింగ్ మిగిలే ఆంధ్రప్రదేశ్‌కు ఐదేళ్ల ప్రత్యేక హోదా ఇస్తామని ప్రకటించారు. బిల్లులో ఆ మాట లేదు. తర్వాతి ప్రభుత్వం దాన్ని అమలు చేయలేదు. సభలో ఇచ్చిన మాటను గుర్తుచేసి నిలదీయవచ్చు, కోర్టుకు వెళ్లి అమలు చేయించుకోలేము.

చట్టంలో ఉన్నంత మాత్రాన గట్టిదని కూడా అనుకోవద్దు. పునర్విభజన చట్టం 13వ షెడ్యూలు తీసి చూడండి. కడప, ఖమ్మం జిల్లాల్లో ఉక్కు కర్మాగారం గురించి రాసింది "ఆరు నెలల్లో సాధ్యాసాధ్యాలు పరిశీలించాలి" అని. పరిశీలించారు, లాభసాటి కాదని నివేదిక వచ్చింది, చట్టం అమలైనట్టే లెక్క. "నెలకొల్పాలి" అన్న క్రియ ఉండాల్సిన చోట "పరిశీలించాలి" అని ఉంటే బిల్లు దశలోనే సవరణ ప్రతిపాదించాలి. పదేళ్ల తర్వాత ప్రశ్నలు వేస్తే దొరికేది అదే జవాబు.

## ఆగలేని విషయాలు, పెద్ద తీర్మానాలు

నిన్న ప్రమాదం జరిగింది. పదిహేను రోజులు ఆగాలా?

అక్కర్లేదు. జీరో అవర్‌లో, అంటే అత్యవసర విషయాలను అప్పటికప్పుడు ప్రస్తావించే వేళలో, లేవనెత్తవచ్చు. నియమావళిలో ఆ పేరే లేదు కానీ ఏ రోజుకారోజు నోటీసులు తీసుకుని లాటరీ వేస్తారు. మంత్రి అప్పుడే జవాబు చెప్పి తీరాలని లేదు. 377వ నియమం కింద 250 పదాల్లోపు విషయం పెడితే తర్వాత లిఖిత జవాబు వస్తుంది. మంత్రి చేత అదే రోజు ప్రకటన చేయించాలంటే సావధాన తీర్మానం, లోక్‌సభలో 197వ నియమం. సభ పనులన్నీ ఆపి చర్చించాలంటే వాయిదా తీర్మానం. దానికి ఉదయం 10లోగా నోటీసు ఇవ్వాలి, అభ్యంతరం వస్తే 50 మంది లేచి నిలబడాలి, చర్చ రెండున్నర గంటలకు తగ్గకూడదు. ప్రభుత్వాన్ని తప్పుపట్టే గుణం ఉంది కాబట్టి వాయిదా తీర్మానం లోక్‌సభకే పరిమితం. స్పీకర్లు దీన్ని ఒప్పుకునేది చాలా అరుదు.

ఏ నియమం కింద చర్చ అన్నదాని మీదే రోజుల తరబడి గొడవెందుకు?

ఓటింగు కోసం. లోక్‌సభలో 193 కింద చర్చకు ఓటు ఉండదు, 184 కింద ఉంటుంది. రాజ్యసభలో 176 అంటే స్వల్పకాలిక చర్చ, 267 అంటే మిగతా పనులన్నీ ఆపి చర్చ. 2016లో పెద్ద నోట్ల రద్దు మీద 267 కింద చర్చ చేపట్టారు. 2023లో మణిపూర్ మీద ప్రతిపక్షం 267 అంది, ప్రభుత్వం 176 అంది, సభ కదల్లేదు. బయటివాళ్లకు అంకెల పేచీలా కనబడుతుంది గానీ, ఓటు పెడితే మిత్రపక్షాలు ఎటు ఉన్నాయో రికార్డుకెక్కుతుంది.

ఓడిపోతామని తెలిసీ అవిశ్వాసం ఎందుకు పెడతారు?

ప్రధాని నోట జవాబు రప్పించడానికి. 1963లో కృపలానీ నెహ్రూ ప్రభుత్వం మీద పెట్టిన మొట్టమొదటి అవిశ్వాస తీర్మానానికి వచ్చిన ఓట్లు 62, వ్యతిరేకంగా 347. 2018 జులై 20న ప్రత్యేక హోదా మీద తెలుగుదేశం పెట్టిన తీర్మానం 126, 325 తేడాతో వీగిపోయింది. కానీ రాత్రిదాకా సాగిన ఆ చర్చలో ప్రధాని లేచి హోదా ఎందుకివ్వలేదో చెప్పాల్సి వచ్చింది.

మెలిక ఒకటి గుర్తుంచుకోవాలి. నోటీసుకు 50 మంది మద్దతు ఉందని స్పీకర్ లెక్కపెట్టాలి. 2018 మార్చిలో వైఎస్సార్ కాంగ్రెస్, తెలుగుదేశం రోజూ నోటీసులిచ్చినా, వేరే పార్టీల వాళ్లు పోడియం ముందు నిలబడి ఉన్నందున తలలు లెక్కించలేమంటూ సభను వాయిదా వేశారు. సమావేశాలు అలాగే ముగిశాయి. అనుమతి దొరికితే మాత్రం పది రోజుల్లో చర్చ జరగాలి.

ఒక్క మంత్రి మీదే అవిశ్వాసం పెట్టవచ్చా?

వీల్లేదు, అవిశ్వాసం మంత్రిమండలి మొత్తం మీదే. ఒక మంత్రిని తప్పుపట్టాలంటే అభిశంసన తీర్మానం, దానికి కారణాలు రాయాలి.

## బడ్జెట్, కమిటీలు

కోత తీర్మానం అంటే వంద రూపాయలు తగ్గించమనడమా? అదేం తమాషా?

శాఖకు అడిగిన మొత్తంలో 100 రూపాయలు తగ్గించమంటే ఒక ప్రత్యేక ఫిర్యాదు మీద మాట్లాడటానికి. ఒక్క రూపాయికి కుదించమంటే ఆ విధానాన్నే కాదంటున్నట్టు. ఖర్చు దండుగ అనుకుంటే తగ్గించాల్సిన మొత్తం రాస్తారు. నెగ్గడం ఉండదు, కానీ మీ నియోజకవర్గంలో ఆగిపోయిన రైల్వే వంతెన గురించి మాట్లాడే హక్కు వస్తుంది. చివరి రోజు సాయంత్రం మిగిలిన పద్దులన్నిటినీ చర్చ లేకుండా ఒకేసారి ఓటుకు పెట్టేస్తారు కాబట్టి, మీ శాఖ చర్చకు ఎంపికైందో లేదో ముందు చూసుకోవాలి.

కమిటీల్లో మంత్రులుండరు కదా, ఇక జవాబుదారీ ఎక్కడ?

మంత్రి రారు, కార్యదర్శి వస్తారు. అదే మంచిది. శాఖలకు సంబంధించిన 24 స్థాయీ సంఘాల్లో ఒక్కోదానిలో 31 మంది ఎంపీలుంటారు, కెమెరాలుండవు, అధికారి గంటన్నర కూర్చుని జవాబు చెప్పాలి. ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ నివేదికలు చూసే ప్రజా పద్దుల కమిటీకి 1967 నుంచి ప్రతిపక్ష సభ్యుడు అధ్యక్షుడిగా ఉండటం ఆనవాయితీ. అక్కడ బయటపడ్డ వివరం నివేదికలో అచ్చయ్యాక, దాన్ని పట్టుకుని సభలో మంత్రిని అడగవచ్చు.

## ఓటరు వైపు నుంచి

మామూలు మనిషి తన సమస్యను సభలో ప్రశ్నగా వేయించవచ్చా?

వేయించవచ్చు. సమావేశాల తేదీలు ప్రకటించగానే ఎంపీకి ఒక్క పేజీలో రాయండి: ఏ శాఖ, ఏ పథకం, ఏ ఆర్డరు నంబరు, ఏ తేదీ, కావలసిన అంకె ఏమిటి. పది పేజీల వినతిపత్రం పక్కన పడుతుంది. మీ సొంత కేసు ఒక్కటే అడిగితే నిలవదు. అలాంటి కేసులు రాష్ట్రంలో ఎన్ని పెండింగులో ఉన్నాయని అడిగించండి. మీ ఎంపీ మంత్రి అయితే ఆయన ప్రశ్న వేయలేరు. పక్క నియోజకవర్గం ఎంపీకో, రాజ్యసభ సభ్యుడికో ఇవ్వండి.

గల్ఫ్‌లో ఉన్న మావాళ్ల గురించి అడిగితే ప్రయోజనం ఉంటుందా?

ఉంటుంది. విదేశాంగ శాఖకు వేయాలి. ఏ దేశంలో ఎంతమంది భారతీయులు చనిపోయారు, ఎంతమంది జైళ్లలో ఉన్నారు అన్న లెక్కలు పార్లమెంటు జవాబుల ద్వారానే చాలావరకు బయటికొచ్చాయి. కరీంనగర్, నిజామాబాద్, కోనసీమ, కడప అని జిల్లా పేరుతో అడిగితే "జిల్లాల వారీగా లెక్కలు లేవు" అంటారు. దేశాల వారీగా, సంవత్సరాల వారీగా అడిగి, మృతదేహం రావడానికి పట్టే సగటు రోజులు, ఆలస్యానికి కారణాలు అన్న ముక్క కలపండి.

అసెంబ్లీలో కూడా ఇదే పద్ధతా?

చట్రం అదే, గడువులూ సంఖ్యలూ వేరు. ఏ రాష్ట్ర శాసనసభ నియమావళి దానిదే. "అధ్యక్షా" అని మొదలుపెట్టి తెలుగులోనే నిలదీయవచ్చు. అసలు చిక్కు పనిదినాలు తక్కువ కావడం. సభ కూర్చోకపోతే ఏ నియమమూ పనిచేయదు.

పాత జవాబులు ఎక్కడ దొరుకుతాయి?

సంసద్ పోర్టల్‌లో రెండు సభల ప్రశ్నోత్తరాలూ ఉచితంగా ఉన్నాయి. సభ్యుడి పేరు, శాఖ, తేదీ, విషయం ఏదైనా పెట్టి వెతకవచ్చు. తెలుగు పేరుకు ఇంగ్లీషు స్పెల్లింగు రెండు మూడు రకాలుగా మార్చి చూడండి, పోలవరానికే నాలుగు రకాలు తగులుతాయి. జవాబుతో పాటు అనుబంధ పట్టిక ఉంటే అది వేరే పేజీలో చివర ఉంటుంది, తెరవకుండా వదిలేయకండి. అంకెలన్నీ అక్కడే పెడతారు.